నరసమ్మ పిన్ని ఎంగిలి

మొన్న మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి ఉంటే వెనక చీరలకి ఫాల్స్ కుట్టే కొట్టులోంచి 'టక్' మని చిన్న చప్పుడు వినిపించింది. పళ్ళతో దారం కొరికిన చప్పుడు. కత్తెర పక్కనే ఉన్నా అందుకోవడానికి బద్ధకించే కుట్టుపనివాళ్ళు చేసే చప్పుడది. అన్ని హారన్ల మధ్య నాకెలా వినపడిందో గానీ, వెంటనే నోట్లో నీళ్ళూరాయి. ఎండురొయ్యలు వేసిన వంకాయకూర, చల్లారిపోయిన అన్నం కళ్ళ ముందుకొచ్చాయి. దారం చప్పుడుకి నోరూరడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఏం చెయ్యను? నాకు అన్నం తినడం నేర్పింది ఒక కుట్టుపని ఆవిడ. అప్పటికి నేనేం పసిపిల్లని కాదు, పెళ్ళయి కాపురానికి వచ్చినదాన్ని. ఆవిడ పేరు అప్పలనరసమ్మ. నేను నరసమ్మ పిన్నీ అనేదాన్ని. మాకేం చుట్టరికం లేదు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. జబ్బు అని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు నాకది తెలివితేటల్లాగే అనిపించేది. మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. డాక్టరిచ్చేదీ మందే, చేలో చల్లేదీ మందే, సారా కొట్టులో తాగేదీ మందే. కానీ పెద్దవాళ్ళు గొంతు తగ్గించి "దానికి మందు పెట్టారర్రా" అన్నారంటే అది వేరే మందు. అన్నంలోనో తాంబూలంలోనో కలిపి పెడతారట. తిన్న మనిషికి ఆ పూట ఏమీ కాదు, నెలల తరబడి చిక్కి శల్యమైపోతుంది. మా మేనత్త రాజ్యం అలాగే చిక్కిపోయి పుట్టింటికి వచ్చింది. అత్తగారే పెట్టిందని మా నాయనమ్మ తేల్చేసింది. మందు కక్కించే ఆయన దగ్గరికి తీసుకెళ్తే నేనూ వెంట వెళ్ళాను. ఇద్దరు మనుషులు అత్త దవడలు పట్టుకుంటే ఆయన వెదురుగొట్టంతో పసరు పోశాడు. అత్త కళ్ళు నా వైపే చూస్తున్నాయి. చివరికి ఒక నల్లటి ఉండ చూపించి "ఇదిగో, ఇదే" అన్నాడాయన. అందరూ దణ్ణం పెట్టారు. ఆ వారంలోనే అత్త పోయింది. మందు బాగా లోపలికి దిగిపోయిందన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే అది క్షయ అయి ఉంటుంది, పాపం ఒకటే దగ్గేది. కానీ ఆ మాట అప్పుడు ఎవరికి తోస్తుంది? నన్ను అత్తవారింటికి పంపేటప్పుడు నాయనమ్మ చెవిలో చెప్పిన బుద్ధి ఒకటే. "ఎవరేం పెట్టినా ముందు వాళ్ళు తిన్నాకే తిను తల్లీ."

మా అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో నేనూ, మా ఆయనే. డెబ్బైల చివర్లో ఆయనకి విశాఖపట్నం పోర్టు వర్క్‌షాపులో ఉద్యోగం వస్తే పాత ఊళ్ళో, పూర్ణా మార్కెట్‌కి దగ్గర్లో, మేడ మీద ఒక గదిలో దిగాం. వచ్చిన కొత్తల్లోనే ఒక పొద్దున మంచినీళ్ళ బిందె మూత మీద సన్నటి ఎర్రపొడి కనిపించింది. తుడిచాను. మర్నాడు మళ్ళీ ఉంది. నీళ్ళన్నీ పారబోసి ఏడుస్తూ కూర్చుంటే మా ఆయన పడీ పడీ నవ్వాడు. "అది ఓడలకెత్తే ఇనుప ఖనిజం దుమ్మే, పిచ్చిమొహమా! గాలి ఇటు తిరిగితే ఊరంతా పడుతుంది. ఊరందరికీ కలిపి మందు పెడుతున్నారంటావా?" నిజమే, ఆరేసిన పంచెలు, కిటికీ ఊచలు, ఎదురింటి పిల్లి, అన్నీ ఎర్రగానే ఉన్నాయి. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ ఆ దుమ్ముని దుమ్ముగా కూడా లెక్కచెయ్యరు. నాకు అర్థమైంది. అర్థమైనా ఆ బిందెలో నీళ్ళు గొంతు దిగలేదు.

ఆ శ్రావణమాసంలో ఎదురింటావిడ వ్రతం పులిహోర పంపింది. మొహమాటానికి తిన్నాను. సాయంత్రానికి వాంతులు. ఉక్కకి పులిసిపోయిందంతే, వాళ్ళింట్లోనూ ఇద్దరికి అలాగే అయింది. కానీ నా బుర్ర ఒప్పుకోదే! ఆ రోజు నుంచీ పరాయివాళ్ళు పెట్టింది మానేశాను. తరవాత హోటల్ నుంచి వచ్చింది మానేశాను. ఆ తరవాత నేనే వండుకున్నదాని మీద కూడా అనుమానం మొదలైంది. నేను పంపు దగ్గరికి వెళ్ళినప్పుడు ఎవరైనా వచ్చి ఉప్పుడబ్బాలో ఏదైనా కలిపితే? చివరికి తొక్క ఉన్నవి మాత్రమే తినేదాన్ని. అరటిపళ్ళు, ఉడికించిన గుడ్లు, ఒలవని వేరుశెనక్కాయలు. దేవుడు మూతవేసి పంపినవాటిని మనుషులు ముట్టుకోలేరని నా లెక్క. జాకెట్లు భుజాల మీంచి జారిపోయేవి. మా ఆయన మంచివాడే. కానీ షిఫ్టు దిగి వచ్చి, నా ఎదురుగా తనొక్కడే కంచం ముందు కూర్చుని తినీ తినీ ఆయనకీ విసుగొచ్చింది. "నేను చేత్తో కలిపి పెట్టినా తినవు. నేనూ నీకు శత్రువునేనా శారదా?" అని ఒకసారి కంచం తోసేశాడు. కాదని చెప్పాలని ఉంది. కిందపడ్డ మెతుకులు ఏరాను.

ఆయన డ్యూటీకి వెళ్ళాక ఇంక నేనూ, ఓడల కూతలూ. ఎవరితో ఏం మాట్లాడను? మాట్లాడితే రమ్మంటారు, వెళ్తే కాఫీ ఇస్తారు. అందుకని అందరికీ ఎడంగా ఉండేదాన్ని. ఎదురింటావిడ నాకు పొగరనుకుని పలకరించడం మానేసింది. మనుషులు తిండితోనే కదా దగ్గరయ్యేది. తిండికి భయపడే నాకిక మనుషులెక్కడ మిగిలారు?

మా నాన్న చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలోనే నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా ఆయనతో ఏదో మాట్లాడి, వెళ్ళేముందు నా నెత్తిమీద చెయ్యివేసి, "పంట ఇళ్ళకి చేరాక వచ్చి తీసుకెళ్తానమ్మా. అప్పట్లో మన రాజ్యానికి చేసినాయన పోయాడు గానీ, వాళ్ళబ్బాయి చేస్తున్నాడు. చెయ్యి మంచిదంటున్నారు" అన్నాడు. నాన్నది ప్రేమే. ఆ ప్రేమకి వెదురుగొట్టం కనిపించలేదు. నాకు అత్త కళ్ళే కనిపించాయి. పంట ఇళ్ళకి చేరేలోపు నేను మనుషుల్లాగా అన్నం తినాలి. లేకపోతే ఆ గొట్టం నా నోట్లోకే.

మా మెట్ల కింద గదిలో నరసమ్మ పిన్ని జాకెట్లు కుట్టేది. యాభై దాటిన మనిషి, పొడుగు, ఎముకల గూడు, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. ఆ మిషను చప్పుడే నాకు ఊళ్ళో ఉన్న ఒక్క తోడు. అది వింటూ రోజూ ఆ గుమ్మంలో నిలబడేదాన్ని. ఒకరోజు తలెత్తకుండానే అంది. "ఏటే అలగ సూత్తన్నావు? కుట్టడం నేర్సుకుంతావా, నా కొట్టుకి దిష్టిబొమ్మలాగ అక్కడే నిలబడతావా?" లోపలికి వెళ్ళి కూర్చున్నాను. కాజాలు తియ్యడం, హుక్కులు కుట్టడం నా పని. ఆవిడకి నేను 'బెజవాడ గుంట'ని. గుంట అంటే ఇక్కడ పిల్ల అని అప్పటికి తెలీదు, గొయ్యి అంటోందేమిటా అని మొదట్లో ఒళ్ళు మండేది.

మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ విప్పితే నేను అటు తిరిగి అరటిపండు ఒలుచుకునేదాన్ని. కొన్నాళ్ళు ఊరుకుంది. తరవాత ఊరుకోలేదు.

"రోజూ అరటిపండేనేటే? కోతివా నువ్వు?"

"అన్నం పడదు పిన్నీ."

"అన్నం పడని తెలుగుది ఉంతాదేటి! నిజం సెప్పు."

ఎందుకు చెప్పానో తెలీదు. మొగుడికీ తండ్రికీ అంత వివరంగా చెప్పలేదు. ఎవరో ఏదో కలుపుతారని భయమనీ, పిచ్చని తెలిసినా పోదనీ, నాన్న వచ్చి కక్కించడానికి తీసుకెళ్తాడనీ, మొత్తం కక్కేశాను.

"ఎవులు కలుపుతారు?"

"తెలీదు."

"నానా?"

నేను చేతిలో అరటితొక్క వైపు చూశాను. ఆవిడ నవ్వలేదు, తిట్టనూ లేదు. చాలాసేపు మిషను చక్రం మీద చెయ్యివేసి అలా కూర్చుంది. తరవాత గిన్నెలో అన్నమూ కూరా కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నోరు పూర్తిగా తెరిచి, నాలుక పైకెత్తి నాకు చూపించింది. అలా ఎందుకు చూపించిందో నాకప్పుడు అర్థం కాలేదు. గిన్నె నా ముందుకి తోసింది. "నా ఎంగిలి. తింతావేటి?"

మా పుట్టింట్లో ఎంగిలి చేత్తో గరిట ముట్టుకుంటే కూర పారబోసేవాళ్ళు. తల్లి కంచంలోది పిల్ల తిన్నా తప్పే. అలాంటిదాన్ని, ఏ చుట్టరికమూ లేని ఆవిడ ఎంగిలి గిన్నె లాక్కుని ఆబగా తిన్నాను. ఎండురొయ్యల వంకాయకూర. అన్నం రుచి ఎలా ఉంటుందో మర్చిపోయిన నోరు అది. తింటూ ఏడుస్తూ తింటూ ముక్కు చీదుకుంటూ మొత్తం ఊడ్చేశాను. ఆవిడ ఆ పూట నా అరటిపండు తింది.

అప్పట్నుంచీ రోజూ అదే వరస. ముందు ముద్ద ఆవిడది, నోరు తెరిచి చూపించడం, తరవాత నాది. నాకు సిగ్గేసి "ఎంగిలి తింటున్నానని ఎవరితో అనకు పిన్నీ" అంటే పెద్దగా నవ్వింది. "దారం ఎంగిలి సెయ్యకుండా సూదిలోకెక్కుతాదేటే? ఈ పాతూర్లో ఆడోలందరూ నా ఎంగిలే ఒంటికి తొడుక్కుని తిరుగుతన్నారు. నువ్వొక్కదానివే తింతన్నావు, అంతే తేడా." అంటూనే 'టక్' మని దారం కొరికింది. నా బుగ్గలు పూడాయి. మా ఆయన అడక్కుండానే సంతోషించాడు. అయినా మేడ మీద నా కంచంలో అన్నం ఇంకా గొంతు దిగేది కాదు. పిన్ని నోటి గుండా వచ్చిందొక్కటే దిగేది.

ఆవిడ కొట్టులో ఒక కొత్త కుండ, దాని మీద తళతళలాడే గ్లాసు ఉండేవి. ఎండలో పడి వచ్చిన ఆడవాళ్ళని "దాహం తీసుకుంతారేటి?" అని అడిగేది. ఎవరూ తాగేవారు కాదు. "ఇప్పుడే తాగొచ్చేం" అనేవారు. నాలాంటిదే ఇది గమనించకపోతే ఇంకెవరు గమనిస్తారు? గమనించాను. కారణం తెలియలేదు, అంతే.

కారణం ఒక జాకెట్టు కోసం వచ్చిన ఆవిడ చెప్పింది. పిన్ని బొత్తాల కోసం బజారుకెళ్ళింది. ఆ వచ్చినావిడ గిన్నె కడుగుతున్న నన్ను చూసి నోరు నొక్కుకుంది. "ఓలమ్మో! దాని సేతి కూడు తింతన్నావేటే గుంటా? ఆలదీ మాదీ ఒకే ఊరు. మొగుడికి మందెట్టి సంపీసింది. ఊరంతా ఎరుగుదుము. జాకెట్టు కుట్టించుకోడానికి పర్నేదు గానీ, దాని సేతి మంచినీల్లు కూడా ముట్టం మావు."

గిన్నె అక్కడే వదిలేసి మెట్లెక్కి తలుపు వేసుకున్నాను. మందు అన్న మాట కోసం నా చెవులు ఇన్నేళ్ళూ కాచుకుని ఉన్నట్టున్నాయి. నోట్లో వేలు పెట్టుకుని తిన్నదంతా కక్కాను. మర్నాడు కిందికి వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. మళ్ళీ అరటిపళ్ళు. కింద మిషను నడుస్తూనే ఉంది. పిన్ని మెట్ల దగ్గర నిలబడి ఒక్కసారి "గుంటా" అని పిలిచింది. నేను పలకలేదు. రెండోసారి పిలవలేదు. ఆ గదిలో అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను. అంతకుముందు నాకు మనుషుల్లేరు, అది వేరు. ఇప్పుడు ఒక మనిషి ఉండీ లేకుండా పోయింది. మా ఆయన నా మొహం చూసి, "మీ నాన్నని తొందరగా రమ్మని కబురు చేస్తాను" అన్నాడు.

ఆ మాటతో లేచాను. ఏదైతే అదే అవుతుందని కిందికి వెళ్ళి మొహం మీదే అడిగేశాను. "మీ ఆయనకి మందు పెట్టావా పిన్నీ?"

మిషను ఆగింది. "ఎవులు సెప్పినారు? సర్లే, ఎవులైతే ఏటి. కూకో." నేను కూర్చోలేదు. ఆవిడ బట్ట మడత పెడుతూ చెప్పింది, కోపం లేకుండా, ఎవరిదో కథలాగా. "నా పెనిమిటి సారా తాగి తాగి పచ్చకామెర్లొచ్చి సచ్చిపోనాడు. ఆలమ్మ నానే మందెట్టీసినానంది. ఎల్లగొడితే ఎటెల్తాను? ఆ ఇంట్లోనే పడున్నాను. వంట నాదే. కానీ వండినాక అందరూ సుట్టూ కూకుని, ముందు నన్ను తినమనేవోలు. నాను తినాల, మింగాల, నోరు తెరిసి, నాలికెత్తి సూపించాల. అప్పుడు తినేవోలు ఆలు. సిన్నపిల్లలు కూడా 'పెద్దమ్మా, నోరు తెరు' అనేవోలే. ఆ మాట పడలేక ఒకనాడు వొచ్చీసినాను."

రోజూ నా ఎదురుగా నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించిన మనిషి. వెళ్ళి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"మరి నాకోసం మళ్ళీ ఎందుకు చేశావు పిన్నీ? రోజూ?"

"ఆలు నన్ను దొంగని సేసి సూసినారు. నువ్వు ఆకలితో సూసినావు. రెండూ ఒకటేనేటే పిచ్చిదానా?" మడత పెట్టిన బట్ట పక్కన పెట్టింది. "కానీ నిన్నట్నుంచీ ఆలోచిత్తన్నాను. నాను ఎంగిలి సేసి పెడతన్నంత కాలం నీ బయ్యం పోదు, నా నోరు ముయ్యదు. ఇయ్యాల నాను ముట్టను."

క్యారేజీ విప్పింది. ముద్దపప్పు, ఇంత నెయ్యి. గిన్నె నా ముందు పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నా వల్ల కాదు. భయం పోవట్లేదు."

"పోవద్దు. దాన్నెందుకు పొమ్మంతావు? బయ్యముంటే బయ్యంతోనే తిను. నన్ను నమ్మమని కూడా సెప్పను నాను. ఆకలేత్తందా? తిను."

అంతవరకూ అందరూ నాకు భయపడకు అనే చెప్పారు. భయపడుతూ తినొచ్చని ఎవరూ చెప్పలేదు. సగం ముద్ద ఒళ్ళో పడింది. మిగిలింది నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద చేదు తగిలినట్టనిపించింది, ఒట్టు. మింగాను. ఇంకో ముద్ద మింగాను. ఆవిడ నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ కూర్చుంది. తిన్నాక గోడకి చేరగిలబడి, చావు కోసం ఎదురు చూస్తూ ఒక జాకెట్టుకి కాజాలు తీశాను. ఆ కాజాలు అష్టవంకర్లు పోయాయి. సాయంత్రం దీపాల వేళకి ఆవిడ మిషను మీద మూత పెడుతూ తొంగి చూసింది. "ఇంకా సావలేదేటే? అయితే రేపు బేగి రా, ఆ కాజాలన్నీ ఇప్పి మల్లీ కుట్టాల."

ఇద్దరం నవ్వడం మొదలెడితే ఆగలేదు. నవ్వుతున్నామో ఏడుస్తున్నామో వీధిలోవాళ్ళకి తెలిసి ఉండదు. పైకి వెళ్ళేముందు ఆ కుండలో నీళ్ళు ముంచుకుని గడగడా తాగాను. పిన్ని కుండ మూత చేత్తో పట్టుకుని నేను తాగినంతసేపూ చూస్తూ నిలబడింది.

పంట ఇళ్ళకి చేరింది, నాన్న వచ్చాడు. ఆయన ముందు కూర్చుని, మా ఆయన కలిపి పెట్టిన అన్నం తిన్నాను. లోపల వణుకుతూనే తిన్నాను గానీ, అది ఆయనకెందుకు? నాన్న ఒక్కడే రైలెక్కాడు. తరవాత కూడా ఆ భయం ఊరికే పోలేదు. నీళ్ళోసుకున్నప్పుడు మళ్ళీ పట్టుకుంది, ఈసారి ఇద్దరి తరఫునా భయపడ్డాను. కిందికి దిగి, పిన్ని ఎదురుగా కూర్చుని తిని వచ్చేదాన్ని. ఆవిడ ఏమీ అనేది కాదు. మిషను తొక్కుతూ ఉండేది.

పాపకి అన్నప్రాశన చేసినప్పుడు ఇంటినిండా మనుషులు. ఎదురింటావిడ, నాన్న, జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు కొందరు, వాళ్ళలో పిన్ని ఊరి ఆవిడ కూడా ఉంది. పిన్ని మెట్ల దగ్గరే ఆగిపోతే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మొదటి ముద్ద మేనమామ పెట్టాలన్నారు. "కాదు, పిన్ని పెడుతుంది" అన్నాను. పిన్ని ఊరి ఆవిడ నోరు నొక్కుకుంది. నాన్న ఏదో అనబోయి నా మొహం చూసి ఆగాడు. పిన్ని చీర చెంగుకి చేతులు తుడుచుకుని, గిన్నెలోంచి ఇంత పరమాన్నం వేలితో తీసింది. తీసి, అలవాటుగా, అందరి వైపూ ఒకసారి చూసి, ఆ వేలు తన నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

నేను మణికట్టు పట్టుకున్నాను. "వద్దు పిన్నీ. ముందు దానికే పెట్టు."

ఆవిడ నా వైపు చూసింది. పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి. వేలు మెల్లగా కిందికి దిగి పాప నోటికి తగిలింది. పాప చప్పరించి, ఇంకా కావాలని నోరు తెరిచింది. నాకు మాత్రం ఆ ఒక్క క్షణం పాత భయమే వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి? ఇప్పటికీ ఎవరైనా ఏదైనా చేతిలో పెడితే ఒక్క క్షణం ఆగుతాను. తరవాత తింటాను.